జీరో దాకా వాడి బ్యాటరీని చంపుకున్నాను

పొద్దున్న 100 చూపించే ఫోను, విజయనగరం కాంప్లెక్సులో బస్సెక్కి శ్రీకాకుళం చేరేసరికి 15కి పడిపోయేది. "పూర్తిగా అయిపోయాకే చార్జింగ్ పెట్టరా" అని మా మావయ్య సలహా. రెండేళ్లు తు.చ. తప్పకుండా పాటించాను. ఆ మాట నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటిది. 1991లో మార్కెట్లోకి వచ్చి, ఇప్పుడు మన ఫోన్లలో ఉండే లిథియం అయాన్ రకానికి రోజూ అలా ఖాళీ అవడమే చేటు.

రాత్రంతా పెడితే పేలిపోతుందని అమ్మకి టెన్షన్. నిజానికి 100 నిండగానే ఫోనే ఎక్కించుకోవడం ఆపేస్తుంది. అసలు దొంగ వేడి. నేనేమో మే నెలలో, దళసరి కవరుతో, దిండు కింద పెట్టేవాణ్ణి!

ఇప్పుడు కవరు తీసి గచ్చు మీద పెడుతున్నాను. వీలైనంతవరకు 20 దగ్గర పెట్టి 80 దగ్గర తీసేస్తున్నాను. చార్జింగ్ నెమ్మదిగా ఎక్కడానికి కారణం మాత్రం వేరు. పోర్టులో జేబు నూగు. ఫోను ఆపేసి చెక్క పుల్లతో మెల్లగా లాగితే ఇంత ఉండ వచ్చింది.

పోయిన కెపాసిటీ తిరిగి రాదు కదా, చివరికి కొత్త బ్యాటరీ వేయించాను. షాపు కుర్రాడు పాతది చేతిలో పెట్టాడు. పూరీలా ఉబ్బి ఉంది.