రొయ్యల చెరువు లెక్కలను పైథాన్‌తో ఫైలులో పదిలంగా దాచడం ఎలా?

భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల రైతులు చెరువు నంబరు, తేదీ, నీటి పీహెచ్, లవణీయత, వేసిన మేత పుస్తకంలో రాసుకుంటారు. ఆ పట్టికను పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో సీఎస్‌వీ ఫైలుగా (గడుల విలువలను కామాలతో విడదీసి రాసే సాదా ఫైలు) దాచేటప్పుడు కాస్త శ్రద్ధ పెడితే, ఎవరి కంప్యూటర్‌లో తెరిచినా లెక్క చెదరదు.

ముందు కాలమ్‌ల పేర్లు ఖాయం చేసుకోండి. కొలమానం పేరులోనే ఉండాలి: ‘మేత_కిలోలు’. గడిలో ‘12 కిలోలు’ అని రాస్తే పైథాన్‌కు అది అంకె కాదు, కూడికకు పనికిరాదు. తేదీని 2025-07-04 పద్ధతిలో రాయండి. అప్పుడు ఏప్రిల్ 7 అనో జూలై 4 అనో తగువు రాదు.

తర్వాత అసలు పని. విలువల మధ్య కామాలు మీరే పెట్టి వరుసలు కట్టవద్దు. రిమార్కుల గడిలో ‘వాన పడింది, మేత తగ్గించాం’ అని ఉందనుకోండి. ఆ ఒక్క కామాతో గడి రెండుగా చీలి, దాని తర్వాతివన్నీ పక్కకు జరిగిపోతాయి. పైథాన్‌తోపాటే వచ్చే సీఎస్‌వీ మాడ్యూల్ (ముందే రాసిపెట్టిన కోడ్) అలాంటి గడికి తానే కొటేషన్ గుర్తులు తగిలిస్తుంది. అందులో వరుసలు రాసే పనిముట్టయిన డిక్ట్‌రైటర్‌కు కాలమ్‌ల పేర్లు ఇచ్చి, రైట్‌హెడర్‌తో శీర్షిక, రైట్‌రోస్‌తో వరుసలు రాయించండి. జాబితాలో లేని పేరు వస్తే అది ఎర్రర్ చూపి ఆగుతుంది. ఇది చాలా మేలు.

ఫైలును ‘విత్’తో తెరవండి, పని ముగియగానే అదే మూసుకుంటుంది. తెరిచేటప్పుడు న్యూలైన్ అనే సెట్టింగ్‌కు ఖాళీ స్ట్రింగ్ (ఏ అక్షరమూ లేని కొటేషన్ గుర్తులు) ఇవ్వండి. లేకపోతే విండోస్‌లో వరుసకూ వరుసకూ మధ్య ఖాళీ వరుస వస్తుంది. ఎక్సెల్‌లో తెలుగు సరిగ్గా కనబడాలంటే అక్షరాలను ఫైలులో దాచే పద్ధతి, అంటే ఎన్‌కోడింగ్, ‘యూటీఎఫ్-8-సిగ్’ (utf-8-sig) అని రాయండి.

పీహెచ్ చూడని రోజు గడి ఖాళీగానే ఉండాలి, సున్నా వేయకూడదు. సున్నా వేస్తే నెల సగటు పడిపోయి, బాగున్న చెరువు కూడా చెడినట్టు కనిపిస్తుంది. దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

పట్టికల పనికి పైథాన్‌లో వాడే పాండాస్ లైబ్రరీ వాడేవారు, ఫైలు రాసే టూ_సీఎస్‌వీలో ఇండెక్స్‌ను ఫాల్స్ చేస్తే అక్కరలేని మొదటి కాలమ్ రాదు. ‘007’ వంటి చెరువు నంబర్లను తిరిగి చదివేటప్పుడు డీటైప్ (కాలమ్ రకం)తో స్ట్రింగ్, అంటే అక్షరాలు, అని చెప్పండి, లేదంటే 7 మాత్రమే మిగులుతుంది.

రాస్తుండగా కరెంటు పోతే సగం ఫైలే మిగలవచ్చు. అందుకే ముందు తాత్కాలిక ఫైలులో రాసి, దాన్ని మూసాక ఓఎస్ మాడ్యూల్‌లోని రీప్లేస్‌తో పాతదాని స్థానంలోకి మార్చండి. రెండూ ఒకే ఫోల్డర్‌లో ఉండాలి. తాత్కాలిక ఫైలు వేరే డ్రైవ్‌లో ఉంటే ఈ మార్పిడి జరగకపోవచ్చు.