పాత ఫొటోల్లో బట్టలకు ట్యాగులు: వెతికితే దొరక్కపోవడానికి కారణాలు, సరిచేసే దారులు

నెల్లూరు, కావలి, ఒంగోలు ఇళ్ళల్లోని ఆల్బములు స్కాన్ చేయడం తేలికే. ఆ బొమ్మల్లోని బట్టలకు పేర్లు పెట్టడం దగ్గరే చిక్కంతా. ఐదొందల ఫొటోల దాకా ఎలా పెట్టినా నడిచిపోతుంది. ఐదువేలు దాటాక వెతుకులాటలో లోపాలన్నీ బయటపడతాయి. అలా బయటపడేవి, వాటి కారణాలు, మందులు ఇవి.

"పైట" అని వెతికితే సగమే వస్తున్నాయి

ఒకరు పైట అన్నారు, ఇంకొకరు పమిట, పయిట, కొంగు, చెంగు. అన్నీ సరైన మాటలే, అదే ఇబ్బంది. ఒకదాన్ని ప్రధాన పదంగా తీసుకుని మిగతావన్నీ మారు పదాలుగా దానికి కట్టేయాలి. ఏది కొట్టినా ప్రధాన పదం కింద ఉన్నవే రావాలి.

అయితే కట్టేసే ముందు అవి నిజంగా ఒకటేనా అని చూడాలి. నేతలో వేరే డిజైనుతో వచ్చే చీర చివర ఒకటి, దాన్ని ఒంటి మీద వేసుకున్న తీరు ఒకటి. ఈ రెండూ వేర్వేరు సంగతులు. అందుకని గుడ్డ చివరకు "కొంగు", వేసుకున్న తీరుకు "పైట" అని విడదీసి పెట్టుకుంటే మేలు. "కొంగు: అడ్డచారలు" గుడ్డ సంగతి, "పైట: తల మీదుగా" కట్టు సంగతి. ఈ తేడా అందరూ ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు. పదం పక్కన ఒక్క వాక్యంలో ఆ మాటను ఏ అర్థంలో వాడుతున్నారో రాసిపెట్టుకుంటే చాలు.

ఇంతకంటే మొండివి పావడా, లంగా. ఆడపిల్లల పొడుగు గాగరాకూ అవే మాటలు, చీర లోపల కట్టుకునేదానికీ అవే. పైకి కనబడే పిల్లల బట్టకు "పరికిణీ" ప్రధాన పదంగా పెడితే అనుమానం ఉండదు. పావడా, లంగా దాని మారు పదాలు. ఓణీ కూడా ఉంటే "లంగా ఓణీ" అని ఒకే జతగా రాయండి, విడగొట్టకండి.

మగవాళ్ళ దగ్గర పంచె, ధోవతి, లుంగీలతో ఇదే తంటా. గోచీ పోసి కట్టినది కనబడితే "పంచె: గోచీకట్టు". అంచు ఉన్న తెల్లగుడ్డను గోచీ లేకుండా చుట్టుకుంటే "అడ్డపంచె". గళ్ళో రంగో ఉంటే "లుంగీ". ధోవతిని మారు పదంగా "పంచె"కి కట్టేయండి.

కంటికి ఒకటే, వెతికితే రెండు

జాబితాలో "పైట" రెండుసార్లు కనబడుతుంది, పక్కపక్కనే, అచ్చం ఒకేలా. కంప్యూటరు అక్షరాలకు వాడే యూనికోడ్‌లో ఐత్వం రెండు రకాలుగా నిల్వ కావచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వం, దాని కింద ఇంకో గుర్తు కలిపి రెండుగా. పాత మ్యాక్ డిస్కుల్లోని ఫైలు పేర్ల నుంచి ట్యాగులు లాగితే రెండో రకం వస్తుంది. ఎక్సెల్‌లో గుర్తులు లెక్కపెట్టే లెన్ ఫార్ములా పెట్టి చూడండి. మామూలు "పైట"కు 3 చూపిస్తుంది, విడిపోయినదానికి 4. ఎన్‌ఎఫ్‌సీ అనే నార్మలైజేషన్ (విడిపోయిన గుర్తులను ఒకటిగా కలిపే పద్ధతి) ఒకసారి నడిపితే రెండూ ఒకటైపోతాయి.

దానికి లొంగనిది ఇంకోటుంది. పొల్లుతో ముగిసే మాటల చివర కొన్ని కీబోర్డులు, అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనబడని జడ్‌డబ్ల్యూఎన్‌జే గుర్తు వదులుతాయి. "జాకెట్" నిడివి 6 ఉండాల్సింది 7 వస్తే అదే. ఆ గుర్తు నంబరు 8204. మాట చివర ఉన్నదాన్నే తీసేయండి. మధ్యలోనిది తీసేస్తే "హాఫ్‌శారీ"లో ఫ కింద శ వత్తు పడి చదవలేకుండా పోతుంది. అసలు ఈ గొడవే లేకుండా ఉండాలంటే ప్రధాన పదాలు అచ్చుతో ముగిసేవి ఎంచుకోండి: జాకెట్ బదులు జాకెట్టు లేదా రవిక, టవల్ బదులు టవలు. తెలుగు మాట తీరే మనకు పని తగ్గిస్తుంది.

జరీ అంచు అని వెతికితే అంచులేని చీరలూ వస్తున్నాయి

ఫొటోకి "చీర, అంచు, జరీ, పంచె" అని విడివిడిగా నాలుగు మాటలు తగిలించినందువల్ల. జరీ చీరకా, పక్కనున్నాయన పంచెకా, రవిక చేతికా? యంత్రానికి తెలియదు. మూడు మెట్లలో రాయాలి: వస్త్రం, భాగం, లక్షణం. ఉదాహరణకు "చీర:అంచు:జరీ", "రవిక:చేయి:బుట్ట", "చొక్కా:జేబు:ఒకటి".

ఒకరికంటే ఎక్కువమంది ఉంటే మనిషికో నంబరు ఇవ్వండి, చూసేవాళ్ళ ఎడమవైపు నుంచి, ముందు వరుస మొదలు. ఐదుగురు దాటిన పెళ్ళి గ్రూపు ఫొటోలకు ఇంత పని దండగ. పెళ్ళికొడుకు, పెళ్ళికూతుళ్ళకు మాత్రం నంబరిచ్చి మిగతావాళ్ళకు వస్త్రం పేర్లతో సరిపెట్టండి.

లక్షణాలకు కొలత లేకపోతే మళ్ళీ మొదటికొస్తుంది. బుట్ట చేయి అనాలంటే భుజం కుట్టు దగ్గర కుచ్చులు ఉండాలి, చేయి చివర బిగిసి ఉండాలి. రెంటిలో ఒకటే ఉంటే అనకూడదు. చేయి పొడుగును అంగుళాల్లో కాదు, మోచేతితో పోల్చి చెప్పండి: పైన, దగ్గర, కింద. గంగా జమున అంచు (రెండు వైపులా రెండు రంగులు) అనాలంటే పాదాల దగ్గరి అంచూ, భుజం మీది అంచూ రెండూ కనబడి, వాటి ఛాయల్లో తేడా తెలియాలి. కింది అంచు ఒక్కటే చూసి రాస్తే తప్పు. మడత నీడ కూడా రెండో రంగులాగే కనబడుతుంది. కోటకొమ్మ అంచుకు అంచు నుంచి చీర లోపలికి పొడుచుకొచ్చిన త్రికోణాలు లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉండాలి.

"వెంకటగిరి చీర" ట్యాగు విపరీతంగా పెరిగిపోయింది

సన్నటి నూలు, జరీ అంచు, బుటాలు కనబడితే చాలు, మన వైపు వాళ్ళ చేయి ఆ మాట మీదకే పోతుంది. మూడంగుళాల నలుపు తెలుపు ప్రింటులో వెంకటగిరినీ పాటూరునీ చీరాలనీ విడదీయడం ఎవరి తరమూ కాదు. జాందానీ నేత అయితే బుటా పోగును నేసేటప్పుడే చేత్తో చొప్పిస్తారు. అచ్చు వేసిన బుటా దూరం నుంచి అలాగే ఉంటుంది. చీర చేతిలో ఉంటే వెనక్కి తిప్పి చూడొచ్చు. ఫొటోను వెనక్కి తిప్పితే స్టూడియో ముద్రే కనబడుతుంది.

అందుకని రెండు గడులు పెట్టండి. "కంటికి కనబడేది" అన్నదాంట్లో బుటా, అంచు, చారలు. "తెలిసిన సంగతి" అన్నదాంట్లో ఊరి పేరు, నేత పద్ధతి, ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు. చెప్పినవాళ్ళు లేకపోతే రెండో గడి ఖాళీగా ఉండాలి.

ఊరు రాసేటప్పుడు జిల్లాను ట్యాగులో కలపకండి. ఒంగోలు 1970 వరకు గుంటూరు జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్ 4న చీరాల బాపట్ల జిల్లాకు, వెంకటగిరి తిరుపతి జిల్లాకు వెళ్ళాయి. ఊరు కదలదు, జిల్లా కదులుతుంది.

కండువా లేనివాళ్ళ ఫొటోలు అడిగితే చెత్త వస్తోంది

ట్యాగు లేకపోవడానికి మూడు అర్థాలున్నాయి: కండువా లేదు, ఫొటోలో ఆ భాగం పడలేదు, ట్యాగు పెట్టినవాళ్ళు చూసుకోలేదు. పాస్‌పోర్టు సైజు ఫొటోలో పంచె కనబడదు, అంతమాత్రాన లేనట్టు కాదు. ముఖ్యమైన నాలుగైదు వస్త్రాలకు "లేదు", "కనబడదు" అని రెండు విలువలు రాయండి. ఏమీ రాయకపోతే "ఇంకా చూడలేదు" అని అర్థం. ఇది ముందే పెట్టుకోకపోతే తర్వాత మొత్తం మళ్ళీ చూడాలి, వేరే దారి లేదు.

రంగుల ట్యాగులు నమ్మలేకపోతున్నాం

నలుపు తెలుపులో రంగు రాయొద్దు, "ముదురు", "లేత" అని మాత్రమే రాయండి. అది కూడా బొమ్మలో ఛాయే తప్ప బట్ట రంగు కాదు. పాత ఆర్థోక్రొమాటిక్ ప్లేట్లకు (పాతకాలం నెగెటివు రకం) ఎరుపు అందదు. ఎర్రచీర నల్లగా పడుతుంది, నీలం తెల్లబడుతుంది. స్టూడియోలో చేత్తో రంగులద్దిన ఫొటో అయితే ఆ రంగు ఆర్టిస్టుది. 1970లు, 80ల కలర్ ప్రింట్లు ఆల్బములో మూసిపెట్టినా చాలాసార్లు ఎర్రబారతాయి, సయాన్ (నీలి ఆకుపచ్చ) రంగు ముందు వెలిసిపోతుంది గనక. వాటికి రంగు రాసినా "వెలిసింది" అని పక్కన తగిలించండి.

పైట కుడి భుజం మీద ఉంది

పైట ట్యాగులో కుడి, ఎడమలు వేసుకున్న మనిషివే తప్ప చూసేవాళ్ళవి కావు. అది సరిగ్గానే ఉంటే, నెగెటివు తిరగేసి స్కాన్ చేశారేమో చూడండి. మగవాళ్ళ చొక్కాలో ఎడమ పట్టీ కుడిదాని మీదకు వస్తుంది, జేబు ఎడమ రొమ్ము మీద ఉంటుంది. ఈ రెండూ తారుమారైతే బొమ్మే తిరగబడింది. ట్యాగు కాదు, స్కాన్ సరిచేయాలి. చొక్కా సరిగ్గా ఉండి పైట కుడివైపున ఉంటే అది నిజమైన కట్టే. సేఠ్‌ల ఇళ్ళ ఫొటోల్లో ముందుకు వేసిన కుడి పైట మామూలే.

ట్యాగు చివర తెగిపోయింది, లేదా పిచ్చి గుర్తులు

ఫొటో ఫైలులోని పాత ఐపీటీసీ (ఫొటో వివరాలు ఫైలులోనే రాసే పద్ధతి) కీవర్డు గడిలో ఒక్కో ట్యాగుకు 64 బైట్లే పడతాయి. తెలుగులో ఒక్కో గుర్తుకు 3 బైట్లు, అంటే గుణింతం, వత్తు, సున్న అన్నీ కలిపి 21 గుర్తులు. "చీర:అంచు:గంగాజమున" 47 బైట్లలో సరిపోతుంది. "చీర:పైట:ఎడమ భుజం మీదుగా వెనక్కి" 83 అవుతుంది, కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని మధ్యలో కోసేస్తాయి. ట్యాగులు చిన్నవి చేయండి, ఎక్స్‌ఎంపీ అనే కొత్త పద్ధతి గడిలోనూ రాయించండి, అక్కడ ఆ హద్దు లేదు. తెలుగు బదులు డిగ్రీ గుర్తులు, ప్లస్ మైనస్ గుర్తులు వరసగా కనబడితే, తెలుగు నిల్వయ్యే పద్ధతి అయిన యూటీఎఫ్-8ని వేరే లిపిగా చదువుతోందన్నమాట. ట్యాగులు చెడిపోలేదు, చదివే సెట్టింగు మార్చాలి. ఆ స్థితిలో మాత్రం సేవ్ కొట్టకండి.

ఇద్దరు పెడితే ఇద్దరివీ కలవడం లేదు

30 ఫొటోలు తీసుకుని ఇద్దరినీ విడివిడిగా, మాట్లాడుకోకుండా ట్యాగులు పెట్టమనండి. ఒక్కో ట్యాగును పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడ తేడా వస్తోందో తెలుస్తుంది. 30లో 6 కంటే ఎక్కువ చోట్ల తేడా వస్తే తప్పు మనుషులది కాదు, ఆ పదం నిర్వచనానిది. నిర్వచనం పక్కన రెండు నమూనా ఫొటోలు అంటించండి: ఒకటి ఖచ్చితంగా అదే అయినది, ఇంకొకటి అలా అనిపించినా కానిది. రెండోదే ఎక్కువ పనికొస్తుంది. అలా చేసినా తేడా తగ్గకపోతే ఆ ట్యాగును పై మెట్టులో కలిపేయండి, "కుచ్చుల చేయి", "బుట్ట చేయి" రెంటినీ "ఉబ్బు చేయి" చేసినట్టు. కలిపినప్పుడు పాత పదాలను చెరిపేయకుండా మారు పదాల వరసలోకి దించి, తేదీ వేయండి. ఆరు నెలల తర్వాత ఎవరో ఒకరు బుట్ట చేయి అనే వెతుకుతారు.