‘అన్‌లీష్’ వాడితే వాక్యం తేడా కొడుతోందా?

సినిమా పోస్టర్ల పుణ్యమా అని ‘అన్‌లీష్’ అనే మాట అందరి నోళ్లలోనూ నానుతోంది. టీజర్ వచ్చినా, ఫస్ట్ లుక్ వచ్చినా ‘అన్‌లీష్డ్’ అనే వేస్తున్నారు. అక్కణ్నించి అది ఇంగ్లిష్ పరీక్షల్లోకి, ఆఫీసు మెయిళ్లలోకి, రెజ్యూమెల్లోకి ఎక్కింది. అర్థం తెలియక ఎవరూ తప్పు చేయడం లేదు. బలంగా, ఒక్కసారిగా వదలడమని అందరికీ తెలుసు. చిక్కంతా వాక్యంలో పెట్టేటప్పుడే.

సమస్య: వాక్యం సగంలో ఆగిపోయినట్టు ఉంటుంది

‘హిజ్ యాంగర్ అన్‌లీష్డ్.’ ‘ద స్టార్మ్ అన్‌లీష్డ్ ఆన్ వైజాగ్.’ ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. బాగా చదువుకున్నవాళ్లూ రాస్తారు.

కారణం మన తెలుగులోనే ఉంది. మన దగ్గర కోపం దానంతటదే కట్టలు తెంచుకుంటుంది. తుపాను దానంతటదే విరుచుకుపడుతుంది. ఎవరో దాన్ని వదలాల్సిన పని లేదు, కాబట్టి వ్యాకరణంలో కర్మ అనేదాని (దేన్ని వదిలారో చెప్పే మాట) ఊసే రాదు. ఇంగ్లిష్ మాట పుట్టుక వేరు. లీష్ అంటే కుక్క మెడపట్టీకి తగిలించి మనం చేత్తో పట్టుకునే తాడు. మనవాళ్లు చాలామంది దాన్ని బెల్టు అనేస్తారు. ఆ తాడు విప్పి వదలడమే అన్‌లీష్. అంటే వదిలేవాడు ఒకడుండాలి, వదలడానికి ఒకటుండాలి. రెండోది లేకపోతే వాక్యం నిలబడదు.

సరిచేయాలంటే రాసిన వాక్యాన్ని ‘ఎవరు వదిలారు? దేన్ని?’ అని అడగండి. ‘హి అన్‌లీష్డ్ హిజ్ యాంగర్ ఆన్ హిజ్ బ్రదర్’ అంటే జవాబులు రెండూ దొరుకుతాయి. తుపానునే వదిలేవాడి స్థానంలో కూర్చోబెట్టవచ్చు. 2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ గురించి అయితే ‘హుద్‌హుద్ అన్‌లీష్డ్ వయొలెంట్ విండ్స్ ఆన్ విశాఖపట్నం’ అనాలి. వదిలింది గాలుల్ని, తనను తాను కాదు. వదిలినవాళ్ల పేరు చెప్పడం ఇష్టం లేకపోతే ‘వాజ్ అన్‌లీష్డ్’ అని కర్మణి ప్రయోగం చేయవచ్చు. కోపం దానంతటదే బద్దలైందనే చెప్పాలనుకుంటే మాత్రం ఈ క్రియ జోలికి వెళ్లకండి. ‘హిజ్ యాంగర్ ఎరప్టెడ్’, ‘ద స్టార్మ్ బ్రోక్’ అంటే సరిపోతుంది.

తాడు, చెయ్యి, వదలడం అన్నీ కళ్లకు కట్టే ఉదాహరణ చరిత్రలో ఒకటుంది. 1950 జూన్‌లో కొరియా యుద్ధం మొదలవగానే అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ఏడో నౌకాదళాన్ని తైవాన్ జలసంధికి పంపాడు. చైనా తైవాన్ మీదికి రాకూడదు, తైవాన్‌లో ఉన్న చైనా జాతీయవాద నేత చియాంగ్ కై షేక్ చైనా మీదికి పోకూడదు. ఇదీ ఆ దళానికి ఇచ్చిన ఆదేశం. 1953 ఫిబ్రవరిలో ట్రూమన్ తర్వాత వచ్చిన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఇందులో రెండో సగాన్ని ఎత్తేశాడు. దాన్నే అమెరికావాళ్లు ‘అన్‌లీషింగ్ చియాంగ్’ అన్నారు. పట్టుకున్నది ఎవరో, పట్టుబడ్డది ఎవరో, వదిలితే ఎవరి మీద పడతాడో ఆ రెండు మాటల్లోనే ఉంది. తమాషా ఏమిటంటే, తాడు వదిలినా చియాంగ్ చైనా ప్రధాన భూభాగం మీద పెద్ద దండయాత్రేమీ చేయలేదు. వదలడం వరకే ఈ క్రియ పూచీ.

సమస్య: వ్యాకరణం సరిగ్గానే ఉన్నా చదివినవాళ్లు నవ్వుతారు

‘హెచ్‌ఆర్ హాజ్ అన్‌లీష్డ్ ద న్యూ లీవ్ పాలసీ.’ ఇది చదివితే సెలవుల పాలసీ ఉద్యోగుల మీదపడి కరిచేలా ఉంటుంది (కొన్ని పాలసీల విషయంలో అది నిజమే కావచ్చు, అది వేరే సంగతి).

కారణం ‘విడుదల’. సినిమా, నోటిఫికేషన్, జైల్లో ఖైదీ, ప్రాజెక్టులో నీళ్లు, అన్నిటికీ మనకు ఆ ఒక్క మాటే చాలు. ఇంగ్లిష్‌లో మామూలుగా వదిలేవాటికి ‘రిలీజ్’, అదుపు తప్పేవాటికి ‘అన్‌లీష్’.

నీళ్లనే తీసుకోండి. నాగార్జునసాగర్ గేట్లు ఎత్తి, ఇన్ని క్యూసెక్కులని లెక్క చెప్పి కిందికి వదిలితే అది రిలీజ్. అవసరమైతే గేట్లు దించి ఆపేయవచ్చు. 1979 ఆగస్టు 11న గుజరాత్‌లో మచ్ఛు ఆనకట్ట తెగి వరద మోర్బీ పట్టణాన్ని ముంచెత్తింది. దాన్ని ‘ద కొలాప్స్ ఆఫ్ ద డ్యామ్ అన్‌లీష్డ్ ఎ ఫ్లడ్ ఆన్ మోర్బీ’ అని రాయవచ్చు. ఇక్కడ వదిలినవాడు మనిషి కాదు, ఆనకట్ట తెగిపోవడమే కర్త స్థానంలో ఉంది. కాబట్టి వదిలినదాన్ని మళ్లీ పట్టుకోగలమా అని చూసుకోండి. పట్టుకోగలిగితే రిలీజ్, లాంచ్, ఇష్యూ లాంటి మాటల్లో ఒకటి వాడండి. పోస్టర్లకు మినహాయింపు ఇవ్వవచ్చు. అక్కడ హడావిడి చేయడమే పని.

సమస్య: రెజ్యూమెలో పెడితే ఎవరూ పట్టించుకోరు

‘టు అన్‌లీష్ మై ఫుల్ పొటెన్షియల్.’ తప్పేమీ లేదు, అరిగిపోయింది అంతే. పైగా ఇన్నాళ్లూ దాన్ని కట్టేసి ఉంచింది ఎవరన్న అనుమానం వస్తుంది. ఆ లైన్ తీసేసి, చేసిన పని ఒకటి రాయండి.

సమస్య: పక్కన చేరే చిన్న మాటలు

కోపం, హింస, సైన్యం ఎవరి మీద పడుతున్నాయో చెప్పడానికి ‘ఆన్’ లేదా ‘అపాన్’ వాడాలి. మన ‘మీద’ని నమ్ముకుంటే చాలు. ‘అగెనెస్ట్’ కూడా నడుస్తుంది. ‘అన్‌లీష్డ్ హిజ్ యాంగర్ టు మి’ నడవదు. ‘అన్‌లీష్డ్ అవుట్’ అసలే వద్దు, వదలడం క్రియలోనే ఉంది.

ఉచ్చారణ సంగతి కూడా చూడండి. చాలామంది ‘అన్‌లీషెడ్’ అని మూడు ముక్కలుగా పలుకుతారు. రెండే ముక్కలు: అన్-లీష్ట్. రాతలో చివర డి ఉన్నా, ష్ తర్వాత అది ట్‌గా వినపడుతుంది. వాష్డ్, ఫినిష్డ్ కూడా అంతే.