పొయ్యి వెలిగించకుండా మల్లెల వాసన కొబ్బరినూనెలోకి ఎక్కించడం ఎలా?

చాలామంది మల్లెపూలు కొబ్బరినూనెలో వేసి కాచేస్తారు, చల్లారాక చూస్తే ఉడికిన ఆకుకూర వాసనే తప్ప మల్లె జాడే ఉండదు. మల్లె వాసనలో బెంజైల్ ఎసిటేట్, లినలూల్, ఇండోల్ లాంటి రసాయనాలు చాలా కలిసుంటాయి, వాటిలో తేలికైన మొదటి రెండూ వేడి తగిలితే త్వరగా గాల్లో కలిసిపోతాయి.

పైగా మల్లెకో గొప్ప గుణం ఉందండీ, కోసేశాక కూడా రాత్రంతా వాసన తయారుచేస్తూనే ఉంటుంది. మొగ్గలో ఈ పదార్థాల్లో కొన్ని చక్కెరకి అతుక్కుని ఉంటాయి, అలా ఉన్నంతసేపూ ఎగరలేవు, సాయంత్రం విచ్చుకునేటప్పుడు ఎంజైములు ఆ బంధాన్ని తెంపుతాయి, అప్పుడు గుప్పుమంటుంది. ఆ టైములో పక్కన నూనె ఉంటే చాలు, పీల్చేసుకుంటుంది. సెంట్లకి పేరుపడ్డ ఫ్రాన్స్‌లోని గ్రాస్ ఊళ్ళో గాజు పలకల మీద కొవ్వు రాసి, దాని మీద పూలు పరిచి ఇలా చేసేవాళ్ళు, మన ఉత్తరాదిలో నువ్వులూ పూలూ వరసలుగా పేర్చి తర్వాత ఆ నువ్వుల్ని గానుగాడించేవాళ్ళు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, పలక మీద గడ్డగా నిలవదు కాబట్టి మల్లెల సీజన్‌లో మనం గుడ్డ వాడదాం.

సాయంత్రం నాలుగైదింటికి విడి మొగ్గలు కొనండి, కట్టిన మాల వద్దు. తెల్లగా ఉబ్బి ఇంకా విచ్చుకోనివి కావాలి, పచ్చగా సన్నగా ఉన్నవి ఆ రాత్రికి విచ్చుకోవు. అమ్మేవాళ్ళు నీళ్ళు చల్లుతారు కదా, ఆ తడి నూనెలోకి పోతే పాడైపోతుంది, అందుకే కాడలు ఏరేసి టవల్ మీద పరిచి పూర్తిగా ఆరనివ్వండి.

సబ్బు వాసన లేని నూలు పంచె ముక్కని వాసనలేని రిఫైన్డ్ కొబ్బరినూనెలో (100 మి.లీ. చాలు) ముంచి వెడల్పాటి స్టీలు పళ్ళెంలో పరచండి. మొగ్గలు ఒక్క వరసే, ఒకదాని మీద ఒకటి పడకుండా. పైన ఇంకో పళ్ళెం బోర్లించి కొంచెం సందు ఉంచండి, పువ్వుకి గాలి కావాలి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, చల్లదనానికి ఎంజైములు మందగిస్తాయి.

పొద్దున్నే రేకులు గోధుమరంగుకి తిరక్కముందే ఏరేయాలి, ఇందులో బద్ధకం పనికిరాదు. వాడిన పూలలోంచి నీరు దిగుతుంది, వాసన కూడా బరువెక్కుతుంది. ఇండోల్ సంగతి ఇక్కడ చెప్పాలి, ఇది మలంలో కూడా ఉండే పదార్థం, ఎక్కువైతే కంపు కొడుతుంది, కానీ చిటికెడంత ఉంటేనే మల్లెకి ఆ మత్తు వస్తుంది, అది లేని సెంటు పలచగా అనిపిస్తుంది.

సాయంత్రం అదే గుడ్డ మీద కొత్త మొగ్గలు వేయండి. వారం పది రోజులు ఇలా చేశాక గుడ్డ పిండి, ఒక రోజు కదపకుండా ఉంచితే నీరేమైనా ఉంటే అడుక్కి చేరుతుంది, పైనున్న నూనె మాత్రం వంచుకోండి. చిన్న ముదురు రంగు సీసాలో నిండా పోసి గట్టిగా మూత పెట్టండి, ఎందుకంటే లినలూల్ గాలి తగిలి ఆక్సిడైజ్ అయితే కొందరికి చర్మం మీద దద్దుర్లు వస్తాయి. తలకి రాసేముందు మోచేతి మడతలో ఒక చుక్క రాసి ఒక రోజు చూడండి.

నేలసంపెంగకి కూడా ఇదే పద్ధతి, అదీ కోశాక వాసన వదులుతూనే ఉంటుంది. గులాబీకి మాత్రం ఈ శ్రమ వద్దు, దాని వాసనలో ముఖ్యమైన ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ నీళ్ళలో కూడా బాగానే కరుగుతుంది, దాంతో రోజ్ వాటర్ తీసుకోవడమే నయం.