ఆర్గ్ మోడ్ స్పీడ్ కీలు పనిచేయనప్పుడు: లక్షణం, కారణం, పరిష్కారం

ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో నోట్సు, పనుల జాబితాలు రాసుకునేందుకు వాడే ఆర్గ్ మోడ్‌లో శీర్షిక (నక్షత్రం గుర్తుతో మొదలయ్యే వరుస) మొదట కర్సర్ ఉంచి ఒక్క అక్షరం నొక్కితే ఒక ఆదేశం నడిచేలా చేసేవి స్పీడ్ కీలు. వీటికి సొంత కీలు జోడించుకున్నవారు, అవి పనిచేయకపోతే వెంటనే ఇనిట్ ఫైలు (ఈమాక్స్ మొదలయ్యేటప్పుడు చదివే అమరికల ఫైలు) తెరిచి వరుసలను మార్చడం మొదలుపెడతారు, మార్చిన ప్రతిసారీ ఈమాక్స్‌ను మూసి తెరుస్తారు. ఇలాంటి సమస్యను ఎందరికో సరిచేసి ఇచ్చాను కాబట్టి చెబుతున్నాను: ఫైలును ముట్టుకునే ముందు ప్రశ్నార్థకం కీ నొక్కి చూడండి. దాదాపు అందరూ దాటవేసే పరీక్ష ఇదే, సమస్య ఏ వైపు ఉందో తేల్చేదీ ఇదే.

శీర్షిక వరుసలో మొట్టమొదటి నక్షత్రానికి కూడా ముందు కర్సర్ ఉంచి ప్రశ్నార్థకం నొక్కితే, ఆ క్షణంలో అమలులో ఉన్న స్పీడ్ కీలన్నిటి పట్టిక తెరుచుకోవాలి. పట్టిక రాకుండా ప్రశ్నార్థకం గుర్తు వచనంలో పడితే ఒక రకమైన కారణాలు వెతకాలి. పట్టిక వచ్చి అందులో మీ కీ లేకపోతే కారణం పూర్తిగా వేరు.

లక్షణం: ప్రశ్నార్థకం వచనంలో పడుతోంది

ఆర్గ్-యూజ్-స్పీడ్-కమాండ్స్ అనే వేరియబుల్ విలువ మొదట్లో నిల్‌గా ఉంటుంది, అంటే మీరు ఆన్ చేసేదాకా స్పీడ్ కీలు ఉండవు. దానికి టి (లిస్ప్ భాషలో 'అవును') అనే విలువ ఇవ్వండి.

అది సరిగానే ఉంటే, కర్సర్ నిజంగా వరుస మొదట్లోనే ఉందా అని చూడండి. ఇండెంట్ మోడ్ (శీర్షికలను స్థాయిని బట్టి లోపలికి జరిపి చూపేది) వాడేవారికి మూడో స్థాయి శీర్షికలో కూడా ఒక్క నక్షత్రమే కనిపిస్తుంది. మిగిలిన రెండూ దాని ముందు దాగి ఉంటాయి కాబట్టి, కనిపించే నక్షత్రం మీద మౌస్‌తో నొక్కితే కర్సర్ వరుస మొదటికి చేరదు. ఆర్గ్-స్పెషల్-కంట్రోల్-ఎ/ఇ అనే సౌకర్యాన్ని ఆన్ చేసుకున్నవారికి కంట్రోల్-ఎ మొదటిసారి నొక్కినప్పుడు కర్సర్ నక్షత్రాలనూ టుడూ పదాన్నీ దాటి శీర్షిక పాఠం మొదటికి వెళుతుంది, రెండోసారి నొక్కితేనే అసలు మొదటికి వస్తుంది. ఆ సౌకర్యం వదులుకోవడం ఇష్టం లేకపోతే దాని విలువను రివర్స్‌డ్‌గా మార్చండి, అప్పుడు మొదటి నొక్కుకే వరుస మొదలు దొరుకుతుంది.

ఆర్గ్-యూజ్-స్పీడ్-కమాండ్స్‌కు టి బదులు ఒక ఫంక్షన్ ఇచ్చి, ఏ నక్షత్రం మీద ఉన్నా కీలు పనిచేసేలా పరిధిని పెంచుకోవచ్చు. అయితే 'కె' కీ మొత్తం ఉపవృక్షాన్ని, అంటే ఆ శీర్షికనూ దాని కిందున్నదాన్నంతా, కత్తిరిస్తుందని గుర్తుంచుకుని, చేతికి అలవాటయ్యేదాకా పరిధిని చిన్నదిగానే ఉంచుకోవడం మంచిది.

ఇవేవీ కాకపోతే కంట్రోల్-హెచ్ నొక్కి, ఆ తర్వాత కె నొక్కి, ఆపైన పనిచేయని కీని నొక్కండి. జవాబుగా ఆర్గ్-సెల్ఫ్-ఇన్సర్ట్-కమాండ్ అని రావాలి. వేరే పేరు వస్తే ఆ కీని మరొక మోడ్ లాక్కున్నట్టే. ఈవిల్ మోడ్ (విమ్ ఎడిటర్ కీలను ఈమాక్స్‌లోకి తెచ్చే ప్యాకేజీ) నార్మల్ స్థితిలో జరిగేది ఇదే: 'ఎన్' అక్కడ తరువాతి వెతుకులాటకు కేటాయించబడి ఉంటుంది కాబట్టి, ఇన్సర్ట్ స్థితికి గానీ ఈమాక్స్ స్థితికి గానీ మారితే తప్ప స్పీడ్ కీ వంతు రాదు. తెలుగులో నోట్సు రాసుకునేవారు మరొకటి గమనించాలి. ఆర్గ్ మోడ్ పోల్చి చూసేది కీబోర్డు మీది మీటను కాదు, దాని ద్వారా వచ్చిన అక్షరాన్ని. కీబోర్డు తెలుగులో ఉండగా ఇంగ్లిష్ 'ఎన్' మీట నొక్కితే వచ్చేది తెలుగు అక్షరమే, అది పట్టికలో ఉండదు కాబట్టి వచనంలో పడుతుంది.

లక్షణం: పట్టిక వస్తోంది, మీరు జోడించిన కీ మాత్రం అందులో లేదు

అందరినీ ఎక్కువగా తిప్పలు పెట్టే కారణం ఇక్కడ ఉంది. నిన్నటిదాకా పనిచేసిన కీలు, ఇనిట్ ఫైలులో ఒక్క అక్షరం కూడా మార్చకుండానే, ఈమాక్స్ కొత్త వెర్షన్ పెట్టుకున్నాక కనిపించకుండా పోవచ్చు. దోష సందేశం ఏదీ రాదు. 'ఎన్', 'పి', 'టి' లాంటి ముందునుంచీ ఉన్న కీలు చక్కగా పనిచేస్తుంటాయి కాబట్టి సౌకర్యం ఆన్‌లోనే ఉందని కూడా తెలుస్తుంది. ఇక అనుమానం తాము రాసిన ఫంక్షన్ మీదికో, ఈ మధ్య పెట్టుకున్న వేరే ప్యాకేజీ మీదికో పోతుంది.

అసలు సంగతి ఇది. ఒకప్పుడు రెండు లిస్టులు ఉండేవి: ఆర్గ్‌తో వచ్చే కీలకు ఆర్గ్-స్పీడ్-కమాండ్స్-డీఫాల్ట్, వాడుకరి జోడించుకునే కీలకు ఆర్గ్-స్పీడ్-కమాండ్స్-యూజర్. 2021లో వచ్చిన ఆర్గ్ 9.5 ఈ రెండిటి స్థానంలో ఆర్గ్-స్పీడ్-కమాండ్స్ అనే ఒక్క లిస్టును తెచ్చింది. అప్పటినుంచి యూజర్ అనే పాత పేరుకు కాలం చెల్లింది, దానికి ఇచ్చిన విలువ పనిచేస్తుందన్న భరోసా లేదు. ఈమాక్స్ 28తో వచ్చినది ఈ 9.5 వెర్షనే కాబట్టి, 27 నుంచి 28కి మారినవారు ఆర్గ్‌ను విడిగా నవీకరించకపోయినా ఈ మార్పులో చిక్కుకునే వీలుంది. దోష సందేశం రాకపోవడానికీ కారణం ఉంది: ఈమాక్స్ అమరికలు రాసే లిస్ప్ భాషలో సెట్‌క్యూ అనే ఆదేశం ద్వారా ఏ పేరుకైనా విలువ ఇవ్వవచ్చు, ఆ పేరును ఎవరూ చదవకపోయినా ఈమాక్స్ అభ్యంతరం చెప్పదు. పాత పేరుతో ఉన్న ఉదాహరణలు ఇప్పటికీ ఒకరి ఫైలు నుంచి మరొకరి ఫైలుకు చేరుతూనే ఉన్నాయి, కాబట్టి ఈమధ్యే ఆర్గ్ మొదలుపెట్టినవారికి కూడా ఇది ఎదురవుతుంది.

ఆర్గ్-వెర్షన్ ఆదేశం నడిపి 9.5 గానీ ఆపై వెర్షన్ గానీ అని నిర్ధారించుకోండి. ఇనిట్ ఫైలులో స్పీడ్-కమాండ్స్-యూజర్ అని వెతకండి, దొరికితే కారణం చాలావరకు అదే.

ఇక్కడ చాలామంది తొందరపడి రెండో గోతిలో పడతారు. పాత సెట్‌క్యూ వరుసలోని పేరులో చివరనున్న 'యూజర్' మాటను చెరిపేసి, తమ రెండు మూడు కీలను నేరుగా ఆర్గ్-స్పీడ్-కమాండ్స్‌కు విలువగా ఇస్తారు. పాత పద్ధతిలో యూజర్ లిస్టు విడిగా ఉండేది కాబట్టి అలా చేసినా నష్టం ఉండేది కాదు. ఇప్పుడు ఉన్నది ఒకే లిస్టు, దాన్ని మొత్తంగా మార్చేస్తే ఆర్గ్ ఇచ్చిన కీలన్నీ పోతాయి. కొత్తగా చేర్చిన కీ పనిచేస్తుంది గానీ 'ఎన్', 'పి' వచనంలో పడటం మొదలవుతుంది. ప్రశ్నార్థకం కూడా ఆ లిస్టులోని ఒక కీయే కాబట్టి మన పరీక్ష కూడా చేజారిపోతుంది. ఒక కీ పనిచేస్తూ ప్రశ్నార్థకం పనిచేయకపోవడం ఈ తప్పుకు గట్టి గుర్తు.

సరైన పద్ధతి ఏమిటంటే, యాడ్-టు-లిస్ట్ ఉపయోగించి ఒక్కొక్క కీని లిస్టుకు ముందు భాగంలో చేర్చాలి. ఆర్గ్ లోడ్ కాకముందే ఈ వరుస నడిస్తే ఆ వేరియబుల్‌కు విలువ లేదని ఈమాక్స్ దోషం చూపుతుంది కాబట్టి, దాన్ని విత్-ఇవాల్-ఆఫ్టర్-లోడ్ (చెప్పిన ప్యాకేజీ లోడ్ అయ్యాకే లోపలి వరుసలను నడిపేది) లోపల, ఆర్గ్ పేరు కింద రాయాలి. చేర్చే ప్రతి అంశం ఒక జత: మొదటి భాగం కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న ఒక్క అక్షరం, రెండో భాగం ఆదేశం పేరు. ఉదాహరణకు 'డి' అక్షరానికి ఆర్గ్-డెడ్‌లైన్‌ను జతచేయవచ్చు, ఆర్గ్ ఆ చిన్న అక్షరాన్ని ఖాళీగానే ఉంచింది. అక్షరాన్ని కొటేషన్ గుర్తులతో కాకుండా లిస్ప్‌లో అక్షరాలను సూచించే ప్రశ్నార్థకపు గుర్తుతో రాస్తే పోలిక ఎప్పటికీ కుదరదు. రెండక్షరాల కీ కూడా కుదరదు, ఎందుకంటే ఆర్గ్ చివరగా నొక్కిన ఒక్క అక్షరాన్నే తీసుకుని వెతుకుతుంది.

ఫైలు తెరవకుండా అమరికలు మార్చే కస్టమైజ్ తెర ద్వారా మార్చేవారికి ఒక హెచ్చరిక. అక్కడ భద్రపరిస్తే మీ కీ ఒక్కటే కాక లిస్టు మొత్తం మీ ఫైలులో స్థిరపడుతుంది, ఆర్గ్ తరువాతి వెర్షన్లలో కొత్త కీలు చేర్చినా అవి మీకు అందవు. అందుకే ఫైలులో ఒక్కొక్కటిగా చేర్చుకోవడమే నాకు మేలనిపిస్తుంది.

లక్షణం: కీ పట్టికలో ఉంది, కానీ వేరే పని చేస్తోంది

ఒకే అక్షరం లిస్టులో రెండుసార్లు ఉంటే ముందు కనిపించినదే నెగ్గుతుంది. మీ జతను లిస్టు చివర అతికించి ఉంటే ఆర్గ్ జతే ముందు దొరుకుతుంది కాబట్టి, చేర్పును ముందు వైపుకు మార్చండి.

అరుదైనవి

కర్సర్ సోర్స్ బ్లాకు (కోడ్ రాసుకునే భాగం) మొదటి వరుస ఆరంభంలో ఉంటే అక్కడ అమలయ్యే కీలు ఆ కోడ్‌ను నడిపే బేబెల్‌వి, వాటి లిస్టు వేరు. పనులనూ గడువులనూ ఒకచోట చూపే అజెండా తెరలోని ఒంటి అక్షరపు కీలకూ ఈ లిస్టుకూ సంబంధం లేదు, వాటిని అజెండా కీమ్యాప్‌లో మార్చాలి. ట్యాబ్, ఎంటర్ కీలకు ఆర్గ్‌లో సొంత పనులు ఉన్నాయి కాబట్టి వాటిని స్పీడ్ కీలుగా వాడలేరు. ఆర్గ్-వెర్షన్ జవాబులో మిక్స్‌డ్ ఇన్‌స్టలేషన్ అన్న మాట కనిపిస్తే రెండు వెర్షన్ల ఫైళ్లు కలిసిపోయాయని అర్థం. అప్పుడు విడిగా పెట్టుకున్న ఆర్గ్ ప్యాకేజీని తొలగించి, ఆర్గ్ ఫైలు ఏదీ తెరవని కొత్త ఈమాక్స్‌లో తిరిగి స్థాపించండి.