బర్న్ చేసిన పాటల సీడీ ప్లేయర్‌లో పాడట్లేదా?

పాత కారు స్టీరియోలు, నాన్నల కాలం నాటి మ్యూజిక్ సిస్టమ్‌లు ఇంకా చాలా ఇళ్లలో చక్కగా పనిచేస్తున్నాయి. వాటికోసం పాటలు బర్న్ చేసి, పాడకపోయేసరికి డిస్కు పోయింది, ప్లేయర్ పోయింది అని పక్కన పెట్టేస్తుంటారు. నేను చూసినంతలో చాలాసార్లు తేడా వచ్చేది బర్న్ చేసేటప్పుడు ఎంచుకునే ఆప్షన్ దగ్గరే.

కంప్యూటర్‌లో పాడుతుంది, ప్లేయర్‌లో పెడితే "నో డిస్క్"

మా నాన్నగారి కోసం 150 పాత పాటలు ఒకే సీడీకి ఎక్కించి ఇచ్చాను, ఆయన సిస్టమ్ అసలు తీసుకోలేదు. నేను చేసింది డేటా సీడీ, దానికి తెలిసింది ఆడియో సీడీ ఒక్కటే. డేటా సీడీలో ఎంపీ3 ఫైళ్లు ఉన్నవి ఉన్నట్టే వెళ్తాయి, అందుకే అన్ని పాటలు పడతాయి. ఆడియో సీడీలో మాత్రం 80 నిమిషాలే, అంటే ఇరవై పాటలు, అంతే. ప్లేయర్ ముందు భాగంలో ఎంపీ3 అని రాసి లేకపోతే విండోస్ మీడియా ప్లేయర్‌లో బర్న్ ట్యాబ్‌కి వెళ్లి, బర్న్ ఆప్షన్స్‌లో "ఆడియో సీడీ" ఎంచుకోండి.

ఎంపీ3 అని రాసి ఉన్నా పాడట్లేదంటే ఇంకో కారణం చూడాలి. ఖాళీ సీడీ పెట్టగానే విండోస్ ఒక ప్రశ్న అడుగుతుంది: యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్‌లా వాడతారా, సీడీ/డీవీడీ ప్లేయర్‌తో వాడతారా అని. మొదటిది నొక్కితే ఆ డిస్కును చాలా స్టీరియోలు చదవలేవు, రెండోదే నొక్కాలి. కొన్ని పాత ప్లేయర్లకి సీడీ-ఆర్‌డబ్ల్యూ (చెరిపి మళ్లీ రాసుకునే రకం) కూడా పడదు, ఒక్కసారే రాసే మామూలు సీడీ-ఆర్ కొనండి, కొనేటప్పుడు డీవీడీ-ఆర్ చేతికి రాకుండా కవర్ మీద ఒకసారి చదివి తీసుకోండి.

మొదటి పాటలు బాగానే ఉన్నాయి, చివరివి తెగిపోతున్నాయి

సీడీ మీద రాయడం లోపలి నుంచి మొదలై బయటి అంచు వైపు సాగుతుంది, మనం పట్టుకునేది కూడా ఆ అంచునే, కాబట్టి వేలిముద్రల దెబ్బ చివరి పాటలకే తగులుతుంది. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి నిలువుగా తుడవండి, గుండ్రంగా మాత్రం వద్దు. అప్పటికీ తెగుతుంటే మోర్ బర్న్ ఆప్షన్స్‌లో స్పీడు తగ్గించి, కొత్త డిస్కు మీద మళ్లీ బర్న్ చేయండి. కాగితం స్టిక్కర్లు అంటించకండి, కాస్త పక్కకి పడినా డిస్కు తిరిగేటప్పుడు ఊగుతుంది.

కచేరీ రికార్డింగ్‌లో మధ్యమధ్య నిశ్శబ్దం

రాగాలాపన అయ్యి కీర్తన ఎత్తుకునే చోట రెండు సెకన్లు ఏమీ వినపడకపోతే ప్రాణం ఉసూరుమంటుంది. అదే ఆప్షన్స్‌లో "బర్న్ సీడీ వితౌట్ గ్యాప్స్" టిక్ చేస్తే ఆ ఖాళీ పోతుంది. ఒక పాట గట్టిగా, ఇంకోటి మెల్లగా వస్తుంటే పక్కనే ఉన్న వాల్యూమ్ లెవెలింగ్ కూడా పెట్టుకోండి.

కంప్యూటర్‌లోనే సౌండ్ లేదు

హెచ్‌డీఎంఐ కేబుల్‌తో మానిటర్ తగిలించాక ఇలా అయితే సౌండ్ ఆ మానిటర్‌కి వెళ్తోందన్నమాట, కింద స్పీకర్ గుర్తు నొక్కి మీ స్పీకర్లు ఎంచుకుంటే సరిపోతుంది.

ఎప్పుడో బర్న్ చేసిన సీడీ ఇప్పుడు చదవట్లేదు

దీనికి ఆలస్యం చేయకండి. సీడీ-ఆర్‌లో పాటని పట్టి ఉంచేది ఒక రంగు పొర, ఎండకీ వేడికీ అది పాడవుతుంది, కారు డ్యాష్‌బోర్డు మీద పెడితే మరీ త్వరగా. మా అమ్మమ్మ మంగళహారతులు పాడిన సీడీ ఒకటే ఒకటి ఉండేది, రెండు డ్రైవ్‌లు దాన్ని చదవలేకపోయాయి, మూడో కంప్యూటర్ డ్రైవ్ చదివింది. కాబట్టి ముందు డ్రైవ్ మార్చి చూడండి. తర్వాత ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ప్రయత్నించండి, సరిగా రాని చోటుని అది మళ్లీ మళ్లీ చదువుతుంది, కొన్నిసార్లు ఒక్క పాటకే గంట పట్టొచ్చు, మధ్యలో ఆపకండి. వచ్చినదాన్ని నాణ్యత తగ్గని ఫ్లాక్ (FLAC) ఫైల్‌గా సేవ్ చేసి, ఇంకో హార్డ్ డిస్క్‌లో కూడా ఒక కాపీ వేసుకోండి.