వేలిముద్రకు తాళం: నా అనుభవం

మా ఇంటి స్థలం దస్తావేజును, ఆధార్ నంబరూ బొటనవేలి ముద్రా స్పష్టంగా కనిపిస్తుండగానే, ఒక పెద్ద వాట్సాప్ గ్రూపులో పెట్టాను. కొన్ని వారాలకు, ఓటీపీ ఏదీ రాకుండానే, ఆధార్ చెల్లింపుల విధానంలో నా ఖాతా నుంచి రూ.10,000 తీసినట్లు సందేశం వచ్చింది. ఆ విధానంలో వేలిముద్రే సంతకం. వెంటనే సైబర్ మోసాలపై ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకి ఫోన్ చేసి, ఆ ఫిర్యాదు సంఖ్యతో మరునాడే బ్యాంకులో రాతపూర్వకంగా అర్జీ ఇచ్చాను. కౌంటరులోని ఉద్యోగి తల అడ్డంగా ఊపినప్పుడు, లోపం బ్యాంకుదీ ఖాతాదారుదీ కాని మోసాన్ని మూడు పనిదినాల్లోగా తెలియజేస్తే నష్టం ఖాతాదారుపై పడదన్న 2017 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వే అక్కరకొచ్చింది. దస్తావేజు గ్రూపులో పెట్టింది నేనేనన్న బెరుకు మాత్రం లోపల ఉండనే ఉంది. డబ్బు జమ కావడానికి చాలా రోజులు పట్టింది. ఈలోగా ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్స్ లాక్ చేశాను. వేలిముద్ర వేయాల్సి వచ్చినప్పుడే కాసేపు తెరుస్తున్నాను. ఎవరైనా ఆధార్ ప్రతి అడిగితే చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ప్రతినే ఇస్తున్నాను.